గుమ్మటాన్ని మోసేది మూల

గుమ్మటం కనబడగానే మనిషి తల ఎత్తుతాడు. దాని గుండ్రదనాన్నీ, కొనపై మెరిసే శిఖరాన్నీ చూచి మెచ్చుకొంటాడు, ఒక ఛాయాచిత్రం తీసుకొంటాడు, వెళ్లిపోతాడు. లోపలికి పోయి నాలుగు మూలల వైపు చూచేవారు బహు అరుదు. కాని ఆ కట్టడాన్ని లేపిన మేస్త్రికి నిద్ర పట్టనీయనిది గుమ్మటం కాదు, ఆ మూలలే. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఆ మూలలను గురించి. వాటితో పాటు, వాటిని చూడడం మానివేసిన మనలను గురించి కూడ.

విద్యార్థి మిత్రులు ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. మూతలేని చదరపు పెట్టెను ఒకదానిని తీసుకొని, దాని పక్క పొడవుకు సరిపోయే అడ్డుకొలత గల గుండ్రని గిన్నెను దానిపై బోర్లించండి. గిన్నె అంచు నాలుగు గోడల నడిమి భాగాలను మాత్రమే తాకుతుంది. నాలుగు మూలల్లో నాలుగు సందులు మిగులుతవి. అంచులో చాల భాగం ఆధారం లేక గాలిలో ఉంటుంది. ఇరవై అడుగుల చదరపు గది ఒకటి ఉన్నదనుకొందాం. దాని వైశాల్యం 400 చదరపు అడుగులు. అందులో ఇమిడే వృత్తానిది సుమారు 314. తేడా 86, అంటే మూల ఒక్కంటికి ఇరవై ఒక్క చదరపు అడుగులకు పైచిలుకు. పెట్టెపై గిన్నె నిలుస్తుంది. ఎందుకనగా గిన్నె ఒకే ముక్క. ఇటుకతోనో రాతితోనో సున్నం వేసి కట్టిన గుమ్మటానికి ఆ సౌకర్యం లేదు. దాని అంచులోని ప్రతి ఇటుక క్రింద ఏదో ఒక ఆధారం ఉండి తీరవలెను. మనిషి నివసించే గది నలుచదరం. అతడు తలపెట్టిన ఆకాశం గుండ్రం. ఈ రెండింటినీ కలిపేది ఎట్లు? పదిహేడు పద్దెనిమిది వందల ఏండ్లుగా దేశదేశాల మేస్త్రీలు ఈ ఒక్క ప్రశ్నకే జవాబులు చెబుతూ వచ్చినారు.

మొదటి జవాబు మూలకు అడ్డంగా ఒక చిన్న కమాను వేయడం. శిల్పశాస్త్రజ్ఞులు దీనిని స్క్వించ్ అంటారు; మనం మూలకమాను అందాం. నాలుగు మూలల్లో నాలుగు మూలకమానులు వేస్తే నలుచదరం కాస్తా ఎనిమిది పలకలవుతుంది. మన ఇరవై అడుగుల గదిలో ఒక్కొక్క పలక పొడవు సుమారు ఎనిమిదింబావు అడుగులు. ఇప్పుడు అష్టభుజి వైశాల్యం 331 చదరపు అడుగులు. వృత్తానికీ దానికీ తేడా మొత్తం పదిహేడు మాత్రమే. 86 ఎక్కడ, 17 ఎక్కడ! ఆ ఎనిమిది మూలలపైన మరల చిన్న చిన్న కమానులో, ముందుకు చొచ్చిన రాళ్లో వేసి పదునారు పలకలు చేసినచో తేడా నాలుగు చదరపు అడుగులకు దిగుతుంది. ఆపైన గుండ్రని వరుస వేయడానికి ఏ మేస్త్రికీ వెరపు లేదు. గుమ్మటం బరువు మూలకమాను మీదికి, అక్కడినుంచి దానికి రెండు పక్కల ఉన్న గోడల మీదికి, గోడలనుంచి పునాదికి దిగుతుంది.

ఈ ఉపాయం పారసీక దేశంలో పుట్టి పెరిగినదని చెప్పవచ్చును. సాసానీ వంశానికి మూలపురుషుడైన అర్దషీరు ఫిరూజాబాదులో క్రీ.శ. 3వ శతాబ్దిలో కట్టించిన కోటలో నలుచదరపు గదులపై మూలకమానులు మోస్తున్న గుమ్మటాలు నేటికీ నిలిచి ఉన్నవి. ఇస్లాం పుట్టుకకు అవి నాలుగు వందల ఏండ్లు ముందువి. అక్కడి మేస్త్రీల చేతి పని ఇస్ఫహాను జుమా మసీదుకు వచ్చేసరికి ఎంత పదునెక్కినదో, 1086–88 నాటి అక్కడి గుమ్మటపు గదులలోని మూలలు చూచిన వారికి తెలుస్తుంది.

రెండవ జవాబు తూర్పు రోమనులది. దీనిని తెలుసుకొనడానికి ఒక బత్తాయి పండు చాలును. పండును సగానికి కోసి, ఒక చెక్కను బోర్లించండి. నాలుగు పక్కల నిలువుగా కోయండి; క్రింది అంచు నలుచదరమవుతుంది. ఇప్పుడు పై తలను అడ్డంగా కోసి తీసివేయండి; పై అంచు గుండ్రమవుతుంది. మధ్యలో మిగిలినవి నాలుగు మూలలనుంచి పైకి విప్పారే నాలుగు ముక్కోణపు తునకలు. పెండెంటివ్ అనే పేరుతో పుస్తకాలలో కనబడేది ఈ తునకే. కాన్‌స్టాంటినోపిల్ నగరంలో 532–537 మధ్య కట్టిన హాగియా సోఫియా గుమ్మటాన్ని మోసేవి ఇటువంటి నాలుగు తునకలే. గుమ్మటం అడ్డుకొలత నూరడుగుల పైమాట. అయితే మొదటి గుమ్మటం తగినంత ఎత్తు లేక అణగి ఉన్నందున గోడలను వెలుపలికి బలంగా నెట్టినది. భూకంపాలు కూడ తోడై అది 558లో కూలినది. రెండవసారి దానిని సుమారు ఇరవై అడుగులు ఎత్తు పెంచి 562 నాటికి కట్టినారు. గుమ్మటం క్రిందికి మాత్రమే బరువు వేయదనీ, ప్రక్కలకు కూడ నెడుతుందనీ, ఆ నెట్టుడును మూలలూ గోడలూ ఓర్చుకొనవలెననీ ఆ పతనం లోకానికి నేర్పినది.

మన దేశంలో ఈ విద్య ఒక్క దినంలో రాలేదు. ఢిల్లీలో ఇల్‌తుత్మిష్ సమాధి సుమారు 1236 నాటిది. దాని మూలలలో కమాను ఆకారం ఉన్నది. కాని అది నిజమైన కమాను కాదు. రాతి వరుసలను ఒకదానికంటె ఒకటి ముందుకు జరిపి కమాను రూపం చెక్కినారు. దానిపై గుమ్మటం నేడు లేదు. 1311 నాటి అలాయి దర్వాజా దగ్గరకు వచ్చేసరికి, చీలిక రాళ్లు ఒకదానినొకటి బిగించుకొని నిలిచే నిజమైన కమానులు మూలల్లో వెలసినవి. వాటిపై గుమ్మటం ఏడు వందల ఏండ్లుగా చెక్కు చెదరలేదు. ఈ నడుమ గడచినది డెబ్బది అయిదు ఏండ్లు. కోరినవారు ఒకరు, కట్టినవారు మరొకరు. పాత చేయి క్రొత్త కోరికకు అలవాటు పడడానికి పట్టిన కాలమది.

ఆ పాత చేయి చేతగాని చేయి కాదు సుమా! మన దేవాలయ మండపాల కప్పులను పరికించండి. నాలుగు స్తంభాలపై నాలుగు దూలాలు. మూలలకు ఏటవాలుగా నాలుగు బండలు. నడుమ మిగిలిన చిన్న చదరంపై మరల మూలలకు నాలుగు బండలు. చివర పద్మం చెక్కిన ఒక్క బండ. ఇది కూడ నలుచదరాన్ని నడిమి బిందువు దగ్గరకు తేవడమే. పారసీక మేస్త్రి కమాను వంచి చేసిన పనిని మన కాసె శిల్పి బండ పేర్చి చేసినాడు. ప్రశ్న ఒక్కటే, జవాబులు రెండు.

దక్కనులో ఈ రెండు జవాబులూ చేరువైనవి. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీల సమాధులలోకి పోయి చూడండి. నలుచదరపు గది, మూలకమాను, అష్టభుజి, గుండ్రని వరుస, ఆపైన గుమ్మటం: పాఠ్యపుస్తకం తెరచి పెట్టినట్లే ఉంటుంది. కర్నూలులో హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబు సమాధి గుమ్మటాలు మన సీమకు మరింత సమీపం. అన్నిటికంటె సాహసమైన జవాబు బీజాపూరు గోల్ గుంబజుది. 1656లో మరణించిన మహమ్మద్ ఆదిల్‌షా సమాధి అది. లోపలి గది పక్క 135 అడుగులు. అక్కడి మేస్త్రి ఒక చదరంలో మరొక చదరాన్ని ఏటవాలుగా త్రిప్పి పెట్టినట్లు ఎనిమిది పెద్ద కమానులను ఒకదానినొకటి కోసుకొని పోయేటట్లు వేసినాడు. అవి కలిసిన చోట లోపలికి ఒరిగిన రాతికట్టు మీద సుమారు 124 అడుగుల అడ్డుకొలత గల గుమ్మటాన్ని నిలిపినాడు. గుమ్మటం గోడలను వెలుపలికి నెడుతుంది. లోపలికి ఒరిగిన కట్టుబడి బరువు ఆ నెట్టుడును లోపలికి లాగి చాలవరకు సరిచేస్తుంది. నడుమ ఒక్క స్తంభం లేదు. ఎదురెదురు మనుషులు తోసుకొని ఇద్దరూ పడకుండ నిలిచినట్టున్న ఆ నిలకడ చూచి నేను చాలసేపు మాట లేక నిలబడిపోయినాను.

ఇక మన ఉదయగిరి సంగతి. సుమారు మూడువేల అడుగుల ఎత్తయిన ఈ కొండ మీదా, దాని దిగువా కలిపి ఒకప్పుడు పదమూడు కోటలుండినవి; ఎనిమిది పైన, అయిదు క్రింద. గజపతుల చేతినుంచి కృష్ణదేవరాయలు దీనిని 1514లో గెలిచినాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకొనిపోయి 1515లో ప్రతిష్ఠించి గుడి కట్టించినాడు. హంపీ కృష్ణాలయం అదే. ఆ గుడికి కొంత దూరంలో, అదే నగరంలో, ఏనుగుల శాల అని మనం పిలిచే కట్టడం ఉన్నది. పదకొండు నలుచదరపు గదులు. వాటిపై రకరకాల ఆకృతుల గుమ్మటాలు. లోపల మూలలు దాటించే కమానులు. హిందూ రాజు రాజధానిలో గుమ్మటాల వరుస అది. అదే నగరంలో రెండవ దేవరాయల కొలువులోని అహమ్మద్ ఖాను 1439లో కట్టించిన మసీదు ఉన్నది. దానికి గుమ్మటం లేదు. దేవాలయ మండపాన్ని పోలిన స్తంభాలున్నవి. దాని శాసనం ఆ కట్టడాన్ని ధర్మశాల అని పేర్కొంటున్నది. ఇప్పుడు చెప్పండి: గుమ్మటం ఎవరిది? స్తంభం ఎవరిది?

తరువాత ఈ కొండ గోల్కొండ వారికి దక్కినది. ఆపైన ఆర్కాటు నవాబుల కాలంలో జాగీరుగా ఉండి, 1839 దాకా జాగీరుదారుల చేతిలో నడచినది. కొండపైన చిన్నమసీదు, పెద్దమసీదు, గుడులు, మండపాలు, కోనేళ్లు ఒకదాని ప్రక్క ఒకటి ఉన్నవి. గెలిచిన ప్రతివాడూ తన గెలుపును రాతి మీద వ్రాయించుకొన్నాడు. విజేతల మాటలు మనుషులను విడదీయవచ్చును. అవి చదివి కోపం తెచ్చుకొనేవారూ, గర్వం తెచ్చుకొనేవారూ నేటికీ ఉన్నారు. కాని వ్రాయించిన వాని మాట వేరు, రాయి పేర్చిన వాని పని వేరు. మూలను దాటించిన మేస్త్రి ఎవరి పక్షమూ కాదు. అతడు భూమ్యాకర్షణ పక్షం. బరువు క్రిందికి దిగవలెను. అది దిగే దారి అతడు చూపవలెను. ఆ దారిలో తప్పు చేస్తే ఏ మతమూ అతని గుమ్మటాన్ని నిలపదు.

ఇందుకు మన ఊరిలోనే సజీవమైన సాక్ష్యం ఉన్నది. ఉదయగిరి కొయ్య గరిటెలు, చెంచాలు దేశమంతటా పేరు పొందినవి. ఆ పని చేసే కుటుంబాలలో ఎక్కువ భాగం ముస్లిం కుటుంబాలే. చదరపు కొయ్యను గుండ్రని పిడిగా మార్చే ఏ పనివాడైనా మొదట ఏమి చేస్తాడు? నాలుగు మూలలూ చెక్కి ఎనిమిది పలకలు చేస్తాడు. ఆ ఎనిమిది అంచులూ తీసి పదునారు చేస్తాడు. ఆపైన ఆకురాయి పట్టి గుండ్రం చేస్తాడు. గోల్కొండ సమాధిలో మేస్త్రి చేసిన పనికీ, మన వీధి అరుగు మీద జరిగే పనికీ క్రమం ఒక్కటే. తేడా ఒక్కటే: ఒకడు మూలలు తీసివేస్తాడు, ఒకడు మూలలు నింపుతాడు. ఈ క్రమాన్ని మన పిల్లవానికి రేఖాగణితం పేరుతో నల్లబల్ల మీద చెప్పినప్పుడు వాడు బెదురుతున్నాడు. వాని తండ్రి చేతిలో అదే గణితం ఉన్నదని వానికి ఎవరూ చెప్పరు. ఇది మన చదువులోని లోపం అని నా నిశ్చితాభిప్రాయం.

లోపం చదువుతో ఆగలేదు. పాత కట్టడాల మూలలు నేడు మూడు విధాల చెడుతున్నవి. మొదటిది, పక్షులు వేసిన రావి విత్తనం. మూలకమాను సందులో అది మొలిచినప్పుడు వేలెడు మొక్క. పదేండ్లకు దాని వేరు రాళ్లను విడదీసే గునపం. రెండవది, గుప్తనిధుల ఆశ. గోడ క్రింద గొయ్యి త్రవ్వినవానికి బంగారం దొరకదు; కాని బరువు దిగే దారి తెగుతుంది. మూడవది మనం మంచి మనసుతోనే చేసే కీడు: సిమెంటు.

కొన్ని ఏండ్ల క్రిందట ఒక పల్లెలో పాత గుమ్మటపు గదికి మరమ్మతు జరుగుతుండగా చూచినాను. ఊరివారు భక్తితో చందాలు వేసుకొన్నారు. పాత సున్నపు పూతను గీకి, లోపలా వెలుపలా సిమెంటు పూసి, ఆకుపచ్చ రంగు వేసినారు. ఆ సంవత్సరం అది కన్నుల పండువుగానే ఉండెను. రెండు మూడు వానకాలాలు గడచిన తరువాత మూలల దగ్గర పూత ఉబ్బి, పెచ్చులూడి, వెనుక ఇటుక పిండి అయి రాలుతుండుట చూచినాను. ఎవరినీ తప్పు పట్టను. వారికి చెప్పవలసినవారు చెప్పలేదు. గానుగలో నూరిన సున్నం తడిని పీల్చుకొని మరల విడుస్తుంది. కట్టడం రవ్వంత కదిలితే తానూ కదులుతుంది. సిమెంటు గట్టిది, తడిని లోపల బంధిస్తుంది, వంగదు, పగులుతుంది. మెత్తని దానిపై గట్టి దానిని పూయడం ముసలివానికి ఇనుప చొక్కా తొడిగినట్లు. గోల్కొండ సమాధుల దగ్గర 2013లో మొదలై 2024లో ముగిసిన పెద్ద మరమ్మతులో, ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టువారు ప్రభుత్వంతో కలిసి చేసిన ముఖ్యమైన పనులలో ఒకటి, అంతకుముందు పూసిన సిమెంటును ఊడదీసి మరల సున్నం వేయడమే. అంత పెద్ద చోట తెలిసివచ్చిన తప్పును మన చిన్న ఊళ్లలో మరల చేయనవసరం లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినబడుతుంది. “మెట్ట ప్రాంతం మాది. వాన రాక, బావి ఊరక, పిల్లలు పొట్ట చేత పట్టుకొని పట్టణాలకు పోతున్నారు. మీకు పాత గుమ్మటాల ముచ్చటా?” అని. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. త్రాగునీటికంటె గుమ్మటం ముఖ్యమని నేను అనను. మరల గుమ్మటాల ఇండ్లు కట్టండి అని కూడ అనను. ఈజిప్టులో హసన్ ఫతీ అనే శిల్పి 1940ల చివర గూర్నా గ్రామం వారికై పచ్చి ఇటుకలతో, కొయ్య దూలం అవసరం లేకుండ, గుమ్మటాల ఇండ్లు చౌకగా కట్టి చూపినాడు. పని గొప్పదే, కాని ఆ గ్రామస్థులలో చాలమంది అందులోకి పోవడానికి ఇష్టపడలేదు. గుమ్మటం సమాధులకు తగినది గాని ఇండ్లకు కాదనే భావం కూడ అందుకు ఒక కారణమైనది. జనం మనసు తెలియని విద్య ఎంత మంచిదైనా నిలువదు.

అయినను నా జవాబు ఇది. పొట్టకూటి కోసం మన పిల్లలు పోయేది ఎక్కువగా కట్టడపు పనులకే. తాపీ పట్టే చేతికి సున్నపు పని తెలిస్తే, కమాను కట్టడం తెలిస్తే, ఆ చేయి కూలి చేయి కాదు. విద్య గల చేయి. పాత కట్టడాల మరమ్మతుకు అటువంటి పనివారు కావలసి, దూరప్రాంతాల నుంచి పిలిపించుకొంటున్న రోజులివి. తాతలు చేసిన పనికి మనుమలు పనికిరాకపోవడం కంటె దరిద్రం ఏమున్నది?

అందుచేత మన కళాశాలకు నా సూచనలు మూడు. మొదటిది: ఏటేటా గణిత, చరిత్ర విద్యార్థులు కలిసి ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లోని ఒక్కొక్క పాత కట్టడాన్ని కొలిచి పటం గీయవలెను. కప్పు చదునా, గుమ్మటమా? గుమ్మటమైతే మూలను ఎట్లు దాటించినారు: కమాను వేసినారా, బండ పేర్చినారా, తునకలు తీర్చినారా? మసీదుతో పాటు మండపాన్నీ కొలవవలెను. కూలిపోయిన తరువాత కన్నీరు కార్చడం కంటె నిలిచి ఉండగా టేపు పట్టడం మేలు. రెండవది: ఉర్దూ విభాగం విద్యార్థులు పారసీ శాసనాలను, తెలుగు విభాగం వారు తెలుగు శాసనాలను చదివి, ఒకరిదొకరికి వినిపించవలెను. చేదు మాట వచ్చినా దాచవద్దు; తీపి మాట వచ్చినా పెంచవద్దు. కలిసి చదివిన చరిత్రకు కోరలుండవు. మూడవది: ఏ దర్గా, ఏ గుడి మరమ్మతుకు వచ్చినా, సిమెంటు బస్తా విప్పకముందు సున్నం పని తెలిసిన మేస్త్రిని ఒక్కసారి పిలిపించి చూపించవలెనని మన విద్యార్థులు తమ ఊరి పెద్దలకు వినయంతో చెప్పవలెను. ఇంతకుమించి ప్రభుత్వ నిధులు వచ్చేదాకా ఆగనవసరం లేదు.

అనుమసముద్రంపేట దర్గాకు పోయేవారిలో ఏ మతమువారు ఎందరని ఎవరూ లెక్క పెట్టరు. అక్కడ అందరూ తల వంచేవారే. ఆ అలవాటు మనకు ఉన్నది. దానికి తోడు తల ఎత్తి మూలవైపు చూచే అలవాటు ఒక్కటి చేర్చుకొందాం. గుమ్మటం నలుగురూ చూచేటట్లు పైన ఉంటుంది. మూల నీడలో ఉంటుంది, పొగ పట్టి ఉంటుంది, గబ్బిలాలు వ్రేలాడుతుంటవి. అయినా నలుచదరాన్ని నొప్పించక, గుండ్రాన్ని పడనీయక, రెండింటి బరువునూ తనపై వేసుకొని నిలిచేది అదే. రెండు భాషల విద్యార్థులు ఒకే కప్పు క్రింద చదువుకొనే మన కళాశాలవంటి సంస్థ సమాజంలో చేయవలసిన పని కూడ ఆ మూల చేసే పనివంటిదే. వచ్చే వేసవి సెలవులకు ముందు ఒక ఆదివారం, ఎండ ఎక్కకముందే, టేపూ కాగితమూ నీళ్ల సీసా పట్టుకొని కొండ ఎక్కుదాం. రాదలచినవారు తమ పేర్లు గ్రంథాలయంలో వ్రాసి ఇవ్వగలరు.